నికాన్ ఎఫ్2 మీటరు ఫైండర్లు: ఏది ఏ రకం?

గవర్నరుపేట_వాసి:
ఇక్కడ మూసేస్తున్న ఒక పాత స్టూడియోలో నికాన్ ఎఫ్2 ఫిల్ము కెమెరా మీటరు ఫైండర్లు (కెమెరా పైన తగిలించే, కన్ను పెట్టి చూసే, వెలుతురు కొలిచే భాగాలు) రెండున్నాయి. కెమెరా లేదు. ‘రెండూ ఒకటేనండి’ అంటూ దేనికైనా ఒకే ధర చెబుతున్నారు. నిజమేనా?

బ్రాడీపేట_ఫిల్ము:
తొందరపడకండి. ఐదు రకాలున్నాయి: డీపీ-1 (1971), డీపీ-2 (1973), డీపీ-3 (1976), డీపీ-11, డీపీ-12 (రెండూ 1977). ముందు భాగం కిందివైపు చూడండి. లెన్సు మీది లోహపు కొమ్ముల మధ్య ఇమిడే పిన్ను ఉంటే మొదటి మూడింటిలో ఒకటి. పిన్నుకు బదులు లెన్సు అపర్చరు (వెలుతురు వచ్చే రంధ్రం) రింగుకు ఆనుకునే మీట ఉంటే 11 లేదా 12. వాటి మీటరుతో అపర్చరు జతపడాలంటే ఏఐ లెన్సు (ఆ మీటకు ఆనే గట్టు రింగు మీద ఉన్న నికాన్ లెన్సు) కావాలి. మీ దగ్గరున్న లెన్సులేమిటి?

పాత_గాజు:
లోపల మీటరు సూది కనిపిస్తే 1 లేదా 11. మిగిలినవాటిలో ఎర్ర దీపాలు: డీపీ-2లో రెండు బాణాలు, డీపీ-3, 12లలో ప్లస్, సున్నా, మైనస్.

కృష్ణలంక_క్లిక్:
బ్యాటరీ వేస్తే దీపాలు వెలుగుతాయి కదా, స్టూడియోలోనే తేలిపోతుంది.

పాత_గాజు:
ఎక్కడ వేస్తారండీ? ఎఫ్2లో బ్యాటరీలు కెమెరా అడుగున ఉంటాయి. మీరు చెబుతున్నది పాత నికాన్ ఎఫ్ కెమెరా మీద వచ్చే మీటరు ఫైండరు ఎఫ్‌టీఎన్ గురించి, దానికైతే ఫైండరులోనే. అందులో వేసే 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు, అది వేరే తలనొప్పి.

గవర్నరుపేట_వాసి:
చూసి వచ్చాను. ఒకదానికి పిన్ను, సూది రెండూ ఉన్నాయి. రెండోదానికి మీట ఉంది, సూది లేదు. నా లెన్సులు రెండూ ఏఐవే.

బ్రాడీపేట_ఫిల్ము:
మొదటిది డీపీ-1. రెండోది దీపం వెలగకుండానే దొరికిపోయింది: మీట ఉండి సూది లేనిది డీపీ-12 ఒక్కటే. సేకరించేవాళ్లు వెతికేది దాన్నే. అందులో వెలుతురు కొలిచేది సిలికాన్ సెల్లు కాబట్టి వెలుతురు మారగానే స్పందిస్తుంది; డీపీ-1లోని సీడీఎస్ (కాడ్మియం సల్ఫైడ్) సెల్లు మసక వెలుతురులో నెమ్మదిస్తుంది.

కృష్ణలంక_క్లిక్:
నాకైతే సూదే ఇష్టం. వెలుతురు ఎంత ఎక్కువో తక్కువో కంటికి తెలుస్తుంది.

పాత_గాజు:
ఇష్టం సరే, లోపలి రెసిస్టరు రింగు అరిగితే ఆ సూదే గంతులేస్తుంది. రెండింటినీ కిటికీ వైపు పట్టుకుని ప్రిజమ్‌లో నల్ల మచ్చలున్నాయేమో కూడా చూడండి.

బ్రాడీపేట_ఫిల్ము:
నా ఎఫ్2 పట్టుకుని ఆదివారం గుంటూరు నుంచి వస్తాను. బ్యాటరీలు కొత్తవి వేస్తాను, మీ ఏఐ లెన్సు ఒకటి తెచ్చుకోండి. అప్పటిదాకా బయానా ఇవ్వకండి.