అప్‌డేట్: మా పత్రికలోకి కొత్త సంపాదకులు వచ్చాక

నాలుగు నెలల క్రితం ఒక సలహా అడిగాను. మా చిన్న త్రైమాసిక సాహిత్య పత్రికలోకి ఇద్దరు కొత్త సహ సంపాదకులు వస్తున్నారు, కథల ఎంపిక వాళ్లతో ఎలా పంచుకోవాలి అని. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. కొత్త సంచిక వచ్చేసింది.

రచయితల పేర్లు తీసేసి చదవమన్న సలహా బాగా పనికొచ్చింది. ముగ్గురం విడివిడిగా చదివి, అభిప్రాయం రాసుకున్నాకే కూర్చుని మాట్లాడుకున్నాం. నేను పక్కన పెట్టిన రెండు కథలు వాళ్ల పట్టుదల వల్లే అచ్చయ్యాయి. ఇప్పుడు చదువుతుంటే వాళ్లే కరెక్ట్ అనిపిస్తోంది.

అసలు ఇబ్బంది మాండలికం దగ్గర వచ్చింది. ఒక శ్రీకాకుళం కథలో 'ఎల్లిపోనాడు' అన్న మాటను కొత్తగా చేరినావిడ 'వెళ్లిపోయాడు' అని దిద్దారు. ప్రూఫు చూసి రచయిత ఫోన్ చేశారు, చాలా బాధపడ్డారు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా అది! తప్పు ఆవిడది కాదు, ముందే చెప్పని నాది. మాటలన్నీ మళ్లీ యథాతథంగా పెట్టాం. ఇకపై అచ్చుతప్పులే మేం దిద్దుతాం, మిగతా ఏ మార్పైనా రచయితను అడిగాకే.

రెండో ఆయన పాత సంచికలను 'అను' అనే పాత డీటీపీ ఫాంట్ల నుంచి, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మారుస్తున్నారు. ఒత్తులు చెదిరిపోతున్నాయి, ప్రతి పేజీ కంటితో సరిచూడాల్సిందే. అయినా విసుక్కోవడం లేదు.

కవిత్వం ఎంపిక మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. వచ్చే సంచికకు అదీ ఇచ్చేస్తున్నాను.