బెలీజ్‌లో ఊరి కిందున్న నీటి గుహ: ఓపెన్ వాటర్ కార్డుతో లోపలికి వెళ్లొచ్చా?

హ్యూస్టన్_తెలుగోడు:
అందరికీ నమస్తే. డిసెంబర్ సెలవులకి నేనూ మా ఆవిడా మధ్య అమెరికాలోని బెలీజ్ అనే చిన్న దేశానికి వెళ్తున్నాం, ఇక్కణ్నుంచి నేరుగా ఫ్లైట్ ఉంది. ఉండబోయేది కీ కాల్కర్ అనే చిన్న దీవిలో. పొడవు ఎనిమిది కిలోమీటర్లు, వెడల్పు రెండు కిలోమీటర్లు కూడా లేదు, ఊళ్లో తిరగడానికి సైకిళ్లూ గోల్ఫ్ కార్ట్‌లే. ఆ ఊరి కిందే జెయింట్ కేవ్ అని ఒక గుహ ఉందనీ, అది నిండా నీళ్లతో ఉంటుందనీ, ప్రపంచంలోని పెద్ద నీటి గుహల్లో అదొకటనీ చదివినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. నాకు ఓపెన్ వాటర్ కార్డు, అంటే స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టు సర్టిఫికెట్, ఉంది, పగడపు దిబ్బల మీద బాగానే డైవ్ చేశాను. గైడ్‌ని పెట్టుకుని కొంచెం దూరం, అంటే వెలుతురు కనిపించేంత వరకైనా, లోపలికి వెళ్లి రావచ్చా? ఇంకో ప్రశ్న మా ఆవిడది. కింద అంత బోలుగా ఉంటే పైన ఊరు ఎలా నిలబడుతోంది, రాత్రి పడుకోవడానికి టెన్షన్ పడక్కర్లేదా అని అడుగుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

గుహల_దారి:
వద్దు తమ్ముడూ. ముందు ఆ మాట చెప్పి తర్వాత కారణాలు చెబుతాను. నేను ఫ్లోరిడాలో కేవ్ డైవింగ్ నేర్చుకున్నాను, ఇప్పటికీ అక్కడే డైవ్ చేస్తుంటాను. అక్కడ చాలా గుహల్లో, వెలుతురు ఆగిపోయే చోట ఒక బోర్డు ఉంటుంది, మృత్యువు బొమ్మ వేసి, ఈ గుహలో ప్రాణం పోగొట్టుకునేంత విలువైనదేదీ లేదు అని రాసి ఉంటుంది. ఆ బోర్డు దాటి వెళ్లి చనిపోయినవాళ్లలో అనుభవం ఉన్న డైవర్లు, ఓపెన్ వాటర్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఉన్నారు.

పగడపు దిబ్బ మీద ఏదైనా తేడా జరిగితే మెల్లగా పైకి వచ్చేస్తావు. గుహలో నీ నెత్తిమీద ఉన్నది రాయి. వెళ్లిన దారినే, వెళ్లినంత దూరమూ వెనక్కి రావాలి, ఎంత భయం వేసినా సరే. అందుకే గాలిని మూడు భాగాలు చేసుకుంటాం. ఒక భాగం లోపలికి వెళ్లడానికి, ఒకటి తిరిగి రావడానికి, మూడోది నీకో నీ తోటివాడికో ఆపద వస్తే వాడుకోవడానికి. బయటి వెలుతురు నుంచి చివరి దాకా తెగకుండా తాడు వేసుకుంటూ వెళ్తాం. ఒక్కొక్కరి దగ్గరా మూడేసి లైట్లు ఉంటాయి. షెక్ ఎక్స్‌లీ అనే అమెరికన్ డైవర్ 1979లోనే గుహల్లో జరిగిన ప్రమాదాలను విడదీసి చూసి, తాడు లేకపోవడం, తిరిగి రావడానికి సరిపడా గాలి మిగుల్చుకోకపోవడం, మరీ లోతుకి వెళ్లడం, ఈ మూడే మళ్లీ మళ్లీ చంపుతున్నాయని చూపించాడు. ఈ రోజుకీ మాకు నేర్పేది దానిమీదే మొదలవుతుంది.

ఇంక గుహ అడుగున ఉండే మెత్తటి మట్టి సంగతి. ఓపెన్ వాటర్‌లో నేర్చుకున్నట్టు కాళ్లు పైకీ కిందికీ ఆడిస్తే ఆ మట్టి లేస్తుంది, అరనిమిషంలో పాలల్లో మునిగినట్టు అయిపోతుంది, గాలి ఎంత మిగిలిందో చూపించే గేజ్ చేతిలోనే ఉన్నా కనపడదు. జనం తక్కువగా వెళ్లే గుహల్లో అయితే మన గాలి బుడగలు తగిలి కప్పు నుంచి కూడా మట్టి రాలుతుంది. సముద్రంలోకి తెరుచుకున్న గుహలకి ఇంకో గుణం ఉంది, ఆటుపోట్లతో పాటు నీళ్లు లోపలికి లాగుతాయి, కొన్ని గంటలకి బయటికి తోస్తాయి. లోపలికి పోయేటప్పుడు హాయిగా అనిపించిన ప్రవాహమే వచ్చేటప్పుడు ఎదురై గాలి ఖర్చు పెంచుతుంది. గైడ్ ఉన్నంత మాత్రాన ఇవేవీ మారవు, మట్టి లేచాక గైడ్‌కీ నువ్వు కనపడవు. కార్డు చూసి సరే అనే గైడ్ దొరికితే ఆ మనిషితో దిబ్బ మీద కూడా డైవ్ చేయకు, అది నా అభిప్రాయం.

అక్కడ చూడాల్సింది చాలా ఉంది, హోల్ చాన్ అనే సముద్ర రిజర్వ్ పడవలో దగ్గరే. గ్రేట్ బ్లూ హోల్ అని సముద్రంలో ఉన్న పెద్ద గుండ్రటి గొయ్యికి కూడా తీసుకెళ్తారు కానీ అందులో చూడదగ్గ స్టాలక్టైట్లు, అంటే గుహ కప్పు నుంచి వేలాడే రాతి కొమ్ములు, సుమారు 40 మీటర్ల లోతులో ఉంటాయి, నీ కార్డుకి హద్దు 18 మీటర్లు. అది గుర్తుపెట్టుకో.

సున్నపురాయి:
మీ ఆవిడ గారి ప్రశ్న నాకు బాగా నచ్చిందండీ. నేను జియాలజీ చదువుకున్నాను, తెలిసినంత చెబుతాను.

ఆ ప్రాంతమంతా సున్నపురాయి. సుమారు 20 వేల ఏళ్ల క్రితం, మంచుయుగం గట్టిగా ఉన్నప్పుడు, సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. ఇప్పుడు దీవి అంటున్నది అప్పుడు ఎత్తైన ఎండునేల. బ్లూ హోల్‌లోనైనా, మునిగిన ఏ గుహలోనైనా కనిపించే స్టాలక్టైట్లు గాలి ఉన్న గుహలో, చుక్క చుక్కగా నీళ్లు కారితేనే ఏర్పడతాయి, నీళ్ల కింద ఏర్పడవు. ఇవి ఒకప్పుడు పొడి గుహలని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. తర్వాత మంచు కరిగింది, సముద్రం పైకొచ్చి గుహల్ని నింపేసింది.

రాయి కరగడం గురించి ఒక విచిత్రం చెప్పాలి. సున్నంతో నిండిపోయి ఇక కొత్తగా రాయిని కరిగించలేని మంచినీళ్లు ఒక పక్క, అలాంటివే ఉప్పునీళ్లు ఇంకో పక్క ఉన్నాయనుకోండి. ఆ రెండూ కలిసిన చోట వచ్చే నీళ్లకి మళ్లీ కరిగించే శక్తి వస్తుంది. తీరప్రాంతపు సున్నపురాయిలో పెద్ద పెద్ద బోలు తొలిచే పనిలో చాలా భాగం ఆ కలిసే పొరదే. సముద్రం ఎక్కితే ఆ పొర ఎక్కుతుంది, దిగితే దిగుతుంది, అలా వేర్వేరు లోతుల్లో తొలుస్తూ పోతుంది.

ఇంక కూలడం. నీళ్లు నిండి ఉన్న గుహలో కప్పుకి కింద నుంచి నీటి ఆసరా ఉంటుంది, మునిగిన రాయి బరువులో మూడో వంతు పైనే తగ్గినట్టు. సముద్రం దిగిపోయి గుహ ఖాళీ అయినప్పుడు ఆ ఆసరా పోతుంది, పెద్ద కప్పులు కూలడానికి అదొక ముఖ్య కారణం. బ్లూ హోల్ అలా కప్పు కూలిన గుహే, 300 మీటర్ల వెడల్పు, 124 మీటర్ల లోతు. కాబట్టి కింద నీళ్లు ఉండటం ఊరికి మేలే. ఆ దీవికి అసలు భయం తుఫాన్లది, 1961లో హ్యాటీ తుఫాను దీవిని రెండుగా చీల్చింది, ఆ చీలిక దగ్గరే ఇప్పుడు అందరూ ఈత కొడతారు.

పల్నాడు_పోరగాడు:
గుహ అంటే అందరూ రాళ్లూ లోతులూ మాట్లాడతారు గానీ అందులో బతికేవాటి గురించి ఎవరూ చెప్పట్లేదు అన్నా. కీ కాల్కర్ పక్కనే కీ చాపెల్ అనే దీవి ఉంది, దాని దగ్గర మునిగిన గుహలో దొరికిన రెమిపీడ్ అనే జీవిని 2013లో కొత్త జాతిగా ప్రకటించారు. వీటికి కళ్లు ఉండవు, జెర్రి లాంటి ఒళ్లు, వెల్లకిలా ఈదుతాయి. బతికున్న రెమిపీడ్‌లని మొదట 1979లో బహామాస్‌లోని ఒక గుహలో జిల్ యేగర్ అనే జీవశాస్త్రవేత్త చూశారు, అంతకుముందు అలాంటివి ఉన్నాయనే ఎవరికీ తెలియదు. కీటకాలకి ఇవి దగ్గరి చుట్టాలని ఇప్పుడంటున్నారు. మెక్సికోలోని యుకటాన్‌లో ఉండే ఒక జాతికైతే విషం కూడా ఉంది, రొయ్య పీత కుటుంబంలో విషం ఉందని తేలిన మొదటి జీవి అదే.

అంత దూరం ఎందుకు, మా గుత్తికొండ బిలంలో నీళ్లున్నాయి కదా, తొలి ఏకాదశికి జనం వచ్చి స్నానాలు చేసే చోటు. అక్కడి గుహనీటిలో ఉండే ఒక చిన్న జీవికి 2011లో ఆంధ్రకాయిడిస్ షాబుద్దీన్ అని పేరు పెట్టారు, పేరు పెట్టినవాళ్లలో నాగార్జున యూనివర్సిటీ రంగారెడ్డి గారు ఒకరు. దాని దగ్గరి బంధువులు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. మనదేశమూ ఆస్ట్రేలియా ఒకే భూఖండంగా అతుక్కుని ఉన్న రోజుల నుంచీ ఆ వంశం భూమి కింద నీళ్లలోనే బతుకుతోందంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఇలాంటి వాటిలో చాలా జాతులు ఒక గుహలోనో పక్క గుహలోనో మాత్రమే ఉంటాయి. అక్కడ నీళ్లు పాడైతే ఇంకెక్కడా మిగలవు.

బావినీళ్లు:
పైన తమ్ముడు చెప్పిన చివరి మాట నా పనికి సంబంధించింది కాబట్టి రాస్తున్నాను. ఇలాంటి చిన్న దీవుల్లో వాన నీరు ఇంకి, ఉప్పునీళ్ల మీద పలచగా తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టం కంటే మంచినీళ్లు ఒక మీటరు ఎత్తుగా ఉంటే కింద దాదాపు 40 మీటర్ల మందాన మంచినీళ్లు ఉండాలని లెక్క. ఆ లెక్క తిరగేసి చూడండి, మోటారు పెట్టి మట్టాన్ని ఒక అడుగు దించితే కింది నుంచి ఉప్పు ఎంత పైకి వస్తుందో. సున్నపురాయిలో బోలు ఎక్కువైతే ఆ పొర ఇంకా పలచబడుతుంది. మరుగుదొడ్డి గుంతల్లోంచి కారేదాన్ని వడకట్టే మట్టి కూడా ఉండదు, పగుళ్ల గుండా తిన్నగా గుహలోకి దిగుతుంది. లక్షద్వీప్‌లో ఈ ఇబ్బంది చూసే 2005లో కవరత్తిలో సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంటు పెట్టారు, రోజుకి లక్ష లీటర్లది. మీరు అక్కడున్నప్పుడు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో, మురుగు ఎక్కడికి పోతోందో గెస్ట్‌హౌస్‌లో అడగండి, గుహ గురించి మీకు నిజంగా ఆసక్తి ఉంటే అదే మొదటి ప్రశ్న.

హ్యూస్టన్_తెలుగోడు:
అందరికీ చాలా థ్యాంక్స్. మా ఆవిడకి రాయి, నీటి ఆసరా సంగతి చదివి వినిపించాను, కుదుటపడింది. జెయింట్ కేవ్ ఆలోచన మానేశాను, స్నార్కెలింగ్ చేస్తాం. కానీ అన్నా, ఒక్కసారైనా గుహ లోపల ఎలా ఉంటుందో చూడాలని ఉంది, నా కార్డుతో ఎక్కడా కుదరదా?

గుహల_దారి:
కుదిరేది ఒకటుంది. ఫ్లోరిడాలో గిన్నీ స్ప్రింగ్స్‌లో బాల్‌రూమ్ అంటారు, పెద్ద గది లాంటిది, ప్రమాదకరమైన లోపలి దారిని ఇనుప కటకటాలతో మూసేశారు, ఓపెన్ వాటర్ వాళ్లని అనుమతిస్తారు. ఆ కటకటాల దగ్గర చెయ్యి పెడితే లోపలి నుంచి వచ్చే నీటి తోపు తెలుస్తుంది. అది చూశాక కూడా కోరిక ఉంటే కావెర్న్ కోర్సులో, అంటే గుహలో పగటి వెలుతురు అందే మేర వరకే డైవ్ చేయడం నేర్పే కోర్సులో చేరు, అక్కణ్నుంచి మెట్టు మెట్టుగా వెళ్దువు గాని. నీళ్లు ఏడాదంతా 22 డిగ్రీలే, మందం ఉన్న వెట్‌సూట్ తీసుకెళ్లు.