వాన లేని రాత్రుల్లో రాడార్ గాలి, బెలూన్ గాలి ఎందుకు కలవడం లేదు?

ప్రశ్న: పైగాలి_ప్రాజెక్ట్

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం సీ బ్యాండ్ డాప్లర్ రాడార్ డేటా నుంచి పైగాలులు లెక్కగడుతున్నాను. డేటా మధ్య అక్షాంశాల స్టేషన్‌ది. పద్ధతి వీఏడీ: ఒకే ఎలివేషన్‌లో (రాడార్ కిరణం పైకి ఎత్తిన కోణంలో), ఒకే దూరంలో చుట్టూరా వచ్చిన రేడియల్ వేగాలకు (రాడార్ వైపు వచ్చే, దాన్నుంచి దూరంగా పోయే వేగాలకు) సైన్ వక్రం అమర్చి వేగం, దిక్కు తీయడం. వాన రోజుల్లో బెలూన్‌తో చక్కగా కలుస్తోంది. వసంతకాలపు రాత్రుల్లో, వాన లేనప్పుడు మాత్రం కిలోమీటరు ఎత్తులో రాడార్ గాలి సెకనుకు 8 మీటర్ల దాకా ఎక్కువ వస్తోంది. దిక్కు కూడా కొంచెం తప్పుతోంది. ఇది ఫోల్డింగ్ (రాడార్ కొలవగల హద్దు దాటిన వేగం తప్పుగా కనిపించడం) సమస్యా? వచ్చే వారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: సిగ్నల్_శ్రీ

ఫోల్డింగ్‌ని తేలిగ్గానే పట్టుకోవచ్చండి. తరంగదైర్ఘ్యాన్ని పీఆర్ఎఫ్‌తో (రాడార్ సెకనుకు పంపే పల్స్‌ల సంఖ్యతో) గుణించి 4తో భాగిస్తే మీ వేగం హద్దు వస్తుంది. 5 సెంటీమీటర్లు, 1000 పీఆర్ఎఫ్ అయితే సెకనుకు 12.5 మీటర్లు. హద్దు దాటిన వేగం గుర్తు మారి అవతలి వైపు తేలుతుంది. ఒక వలయం ముడి డేటా గీసి చూడండి, వక్రంలో 25 మీటర్ల గెంతు ఉందేమో.

జవాబు: మేఘావళి

గెంతు ఉండదనే అనుకుంటున్నాను. నేల నుంచి వచ్చే క్లట్టర్ (అక్కర్లేని ప్రతిధ్వని) కూడా కాదు. నేల కదలదు కాబట్టి క్లట్టర్ కలిస్తే వేగం తగ్గాలి, మీకు పెరుగుతోంది. అదీ రాత్రి, వసంతంలో, వాన లేనప్పుడు. ఇవి వలస పక్షులండి.

రాడార్ గాలిని నేరుగా చూడదు, గాలిలో ఉన్నవాటిని చూస్తుంది. చినుకు అడ్డంగా దాదాపు గాలి వేగంతోనే కొట్టుకుపోతుంది. చిన్న పురుగులూ అంతే, అందుకే తేట ఆకాశంలోనూ మంచి ప్రొఫైళ్లు దొరుకుతాయి. పక్షి అలా కాదు. దానికి సొంత వేగం ఉంది, తరచూ సెకనుకు 10 మీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చిన్న పక్షుల్లో చాలా జాతులు రాత్రిళ్లే వలస వెళ్తాయి, అవన్నీ దాదాపు ఒకే దిక్కుకు సాగుతాయి. కాబట్టి మీ వక్రం చూడ్డానికి బాగానే ఉంటుంది, అందులో గాలికి తోడు పక్షుల వేగం కలిసి ఉంటుంది. దిక్కు తప్పడానికీ కారణం ఇదే.

వక్రం చుట్టూ బిందువులు ఎంత చెదిరాయో లెక్కించండి. ప్రతి పక్షీ కాస్త తన వేగంతో, తన దారిన పోతుంది కాబట్టి చెదురు పెరుగుతుంది. సీ బ్యాండ్‌లో ప్రామాణిక విచలనం సెకనుకు 2 మీటర్లు దాటితే పక్షులని అనుమానించడం వాడుకలో ఉన్న పద్ధతే. డ్యూయల్ పోల్ డేటా (అడ్డ, నిలువు తరంగాలు రెండూ వాడే రాడార్‌ది) ఉంటే కోరిలేషన్ కోఎఫిషియంట్ (ఆ రెండు సిగ్నళ్లూ ఎంత కలుస్తాయో చెప్పే అంకె) కూడా చూడండి: వానలో 1కి చాలా దగ్గరగా ఉంటుంది, పక్షుల్లో బాగా పడిపోతుంది.

దయచేసి ఆ ఎత్తులను చడీచప్పుడు లేకుండా తీసేయకండి, పక్షులని గుర్తు పెట్టి ఉంచండి. తప్పు గాలి సూచన మోడల్‌లోకి వెళ్తే అది నిజమైన గాలిగానే చలామణి అవుతుంది. పక్షుల మీద పనిచేసేవాళ్లకైతే మీరు పారేసేదే అసలు డేటా.

పైగాలి_ప్రాజెక్ట్

చాలా థ్యాంక్సండి! గెంతు ఎక్కడా లేదు. వానలో విచలనం 1 లోపే, ఆ రాత్రుల్లో 3 దాటింది. ఇంకొక్క సందేహం. సైన్ వక్రం సున్నా గీత మీద కాకుండా కొంచెం పక్కకు జరిగి ఉంటోంది. దాన్ని చినుకులు పడే వేగం అనుకోవచ్చా?

మేఘావళి

పూర్తిగా కాదు. అందులో పడే వేగంతో పాటు వలయం లోపలి డైవర్జెన్స్ (గాలి నలువైపులా విడిపోవడం) కూడా ఉంటుంది. 1961లో లెర్మిట్, అట్లాస్ ఈ పద్ధతిని వానకు వాడి చూపిస్తే, 1968లో బ్రౌనింగ్, వెక్స్‌లర్ అదే వలయం నుంచి డైవర్జెన్స్‌నీ డిఫర్మేషన్‌నీ (గాలి ఒకవైపు సాగి ఇంకోవైపు నొక్కుకోవడాన్నీ) తీసే దారి చెప్పారు. తక్కువ ఎలివేషన్‌లో, పెద్ద వలయంలో డైవర్జెన్స్ వాటా ఎక్కువ. ఎలివేషన్ పెరిగేకొద్దీ పడే వేగం వాటా పెరుగుతుంది. ఒకే ఎత్తును రెండు మూడు ఎలివేషన్లతో చూసి విడదీయండి, వాన ఉన్న వలయాల్లో మాత్రమే.