ఎక్స్‌రే, సీటీ నుంచి రేడియోథెరపీకి మారాలంటే ఏ శిక్షణ తీసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను డయాగ్నస్టిక్ రేడియోగ్రాఫర్‌ని. కొన్నేళ్లుగా ఎక్స్‌రే, సీటీ చేస్తున్నాను. ఇప్పుడు క్యాన్సర్ పేషెంట్లకు చికిత్స చేసే వైపు, అంటే రేడియోథెరపీకి మారాలని గట్టిగా అనుకుంటున్నాను. స్కాన్ తీసి పంపాక ఆ మనిషికి ఏమైందో మాకు తెలియదు. చికిత్స వైపు ఉంటే వాళ్లను రోజూ చూస్తూ ఉండొచ్చని నా కోరిక.

నా సందేహాలు ఇవి. ఉన్న అర్హత సరిపోతుందా, మళ్లీ మొదటి నుంచి చదవాలా? ఆస్పత్రిలో చేరితే వాళ్లే నేర్పిస్తారని కొందరు అంటున్నారు, నిజమేనా? సీటీ బాగా వచ్చు కాబట్టి సగం పని వచ్చినట్టేనా? ఫిజిక్స్ చాలా ఉంటుందని విని కొంచెం టెన్షన్‌గా ఉంది. కోర్సు ఎంచుకునేటప్పుడు ఏం చూసుకోవాలి? ఇంట్లోవాళ్లు రేడియేషన్ గురించి భయపడుతున్నారు, దాని గురించి కూడా ఎవరైనా చెబితే మేలు.

సీనియర్ థెరపీ టెక్నాలజిస్ట్

తమ్ముడూ, ముందు అర్హత సంగతి. చాలా దేశాల్లో ఇవి రెండు వేర్వేరు వృత్తులు. బ్రిటన్‌లో డయాగ్నస్టిక్ రేడియోగ్రాఫర్, థెరప్యూటిక్ రేడియోగ్రాఫర్ అని చదువులే వేరు. ఒక వైపు నుంచి రెండో వైపు రావాలంటే ఆ కోర్సు చదవాల్సిందే. డిగ్రీ ఉన్నవాళ్లకు అక్కడ రెండేళ్ల మాస్టర్స్ దారి ఉంది. అమెరికాలో అర్హత ఉన్న రేడియోగ్రాఫర్ల కోసం ఏడాది పాటు సాగే రేడియేషన్ థెరపీ సర్టిఫికెట్ కోర్సులు ఉన్నాయి, ఆ తర్వాత పరీక్ష రాయాలి. అంటే మీ చదువు వృథా కాదు, కొన్నిచోట్ల కొంత కాలం కలిసొస్తుంది కూడా. అయితే ఫీజు కట్టేముందు ఒక పని తప్పకుండా చేయండి. మీరు ఏ దేశంలో పనిచేయాలనుకుంటున్నారో అక్కడి రేడియేషన్ నియంత్రణ సంస్థ, వృత్తి రిజిస్ట్రేషన్ సంస్థ ఆ కోర్సును గుర్తించాయో లేదో వాళ్ల దగ్గరే నేరుగా కనుక్కోండి. కాలేజీ బ్రోషర్‌లో ఉన్న మాటను నమ్మి చేరొద్దు.

"చేరితే వాళ్లే నేర్పిస్తారు" అన్న మాట నాకు అస్సలు నచ్చదు. ఏ విభాగమైనా తన మెషిన్ మీద ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో నేర్పగలదు. ఈ పేషెంట్‌కు చెయ్యి పైకి ఎందుకు పెట్టించారు, ఈ రోజు ఇమేజ్‌లో కనిపించిన తేడాకు టేబుల్ జరిపితే సరిపోతుందా, లేక ట్రీట్‌మెంట్ ఆపి డాక్టర్‌ను పిలవాలా అన్నది తెలియాలంటే పద్ధతిగా చదవాలి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఈ వృత్తి కోసమే ఒక సిలబస్ తయారుచేసింది. అది 2005లో వచ్చింది. వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీరు చూస్తున్న కోర్సు పాఠ్యాంశాలను దాని పక్కన పెట్టి చదివితే ఏది లోపించిందో మీకే తెలిసిపోతుంది.

ఇక సీటీ గురించి. అడ్డకోత బొమ్మల్లో అనాటమీ మీకు వచ్చు, పేషెంట్‌ను కదిలించడం వచ్చు, రేడియేషన్ భద్రత వచ్చు. ఇవి మంచి పెట్టుబడి. కానీ రేడియోథెరపీలో సీటీ సిమ్యులేషన్, అంటే చికిత్స ప్లాన్ కోసం తీసే స్కాన్, వేరే పని. అక్కడ టేబుల్ వంపు లేకుండా చదునుగా ఉంటుంది, ఎందుకంటే చికిత్స మెషిన్ టేబుల్ కూడా చదునే. గోడల మీద లేజర్లు ఉంటాయి. వాటి ప్రకారం ఒంటి మీద గుర్తులు పెడతాం. తల, మెడ క్యాన్సర్ అయితే థర్మోప్లాస్టిక్ షీట్‌ను వేడి నీళ్లలో మెత్తబరిచి ముఖం మీద మాస్క్‌లా అచ్చు వేస్తాం. స్కానర్ ఇచ్చే హౌన్స్‌ఫీల్డ్ విలువల (కణజాలం ఎంత దట్టంగా ఉందో చెప్పే అంకెల) నుంచే డోసు లెక్క మొదలవుతుంది. అందుకే బొమ్మ ఇంకొంచెం బాగా రావాలని కేవీ (ట్యూబ్ వోల్టేజి) మార్చే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఏ సెట్టింగ్‌కు కాలిబ్రేషన్ చేశారో అదే వాడాలి.

అన్నిటికంటే పెద్ద తేడా ఇది. స్కాన్‌లో మీరు ఆ పేషెంట్‌ను ఒకసారి బాగా పడుకోబెడితే చాలు. ఇక్కడ అదే మనిషిని అదే భంగిమలో రోజూ పడుకోబెట్టాలి. తల, మెడ క్యాన్సర్‌లో తరచుగా ఇచ్చే 70 గ్రేలను (గ్రే అంటే డోసు కొలమానం) రోజుకు 2 గ్రేల చొప్పున ఇస్తే 35 సిట్టింగ్‌లు, అంటే 7 వారాలు. ఈలోగా ఆయన సరిగ్గా తినలేక బరువు తగ్గుతాడు, మాస్క్ వదులవుతుంది, మొదటి వారం సరిపోయిన ప్లాన్ నాలుగో వారానికి సరిపోకపోవచ్చు. దాన్ని ముందుగా గమనించేది రోజూ ఆయన్ను చూసే మనమే. ప్రొస్టేట్ పేషెంట్ అయితే మూత్రాశయం ఎంత నిండింది, పురీషనాళంలో గ్యాస్ ఉందా అన్నదాన్ని బట్టి ప్రొస్టేట్ ఉన్న చోటే మారిపోతుంది. ఎడమ రొమ్ము చికిత్సలో గుండెకు డోసు తగ్గించడానికి లోతుగా ఊపిరి తీసుకుని బిగబట్టడం నేర్పాలి. భయంతో ఉన్న మనిషికి ఓపిగ్గా చెప్పి, రోజూ ఒకేలా చేయించడం మన పని.

కోర్సు ఎంచుకునేటప్పుడు నేను చూడమనేది ఒక్కటే. ట్రీట్‌మెంట్ రూమ్‌లో, సీనియర్ పక్కన నిలబడి, మీ చేతులతో సెటప్ చేసే సమయం ఎంత ఇస్తారు? ఇది స్పష్టంగా అడగండి. "క్లినికల్ పోస్టింగ్ ఉంటుంది" అని దాటేస్తే ఇంకా గట్టిగా అడగండి. పోస్టింగ్ అంటే మూలన నిలబడి చూడటమా, సెటప్ చేసి తప్పొప్పులు దిద్దించుకోవడమా? సిమ్యులేషన్, ప్లానింగ్, లినాక్ (బయటి నుంచి కిరణాలిచ్చే చికిత్స మెషిన్), బ్రాకీథెరపీ (రేడియోధార్మిక సోర్సును గడ్డ లోపల లేదా దగ్గర పెట్టే చికిత్స) నాలుగింటిలోనూ తిప్పుతారా? కొత్త మెషిన్ ఉందని ప్రకటనలో కనిపించినా, దాని దగ్గరికి విద్యార్థిని రానిస్తారో లేదో అడగాలి. నా దృష్టిలో మెషిన్ కాస్త పాతదైనా నేర్పే మనిషి పక్కనుంటే అదే మంచి చోటు.

మెడికల్ ఫిజిసిస్ట్

ఫిజిక్స్ గురించి నేను చెబుతాను. సూత్రాలను రాబట్టి చూపమని ఎవరూ అడగరు. కానీ మీ చేతిలో ఉన్న కిరణం ఎలా ప్రవర్తిస్తుందో తెలియాలి. డయాగ్నస్టిక్‌లో మీరు వాడేది సుమారు 50 నుంచి 150 కేవీ. లినాక్‌లో 6 ఎంవీ, 10 ఎంవీ, కొన్నిచోట్ల 15 ఎంవీ (ఒక ఎంవీ అంటే వెయ్యి కేవీ). ఆ శక్తి దగ్గర కాంప్టన్ ప్రక్రియదే, అంటే కిరణం ఎలక్ట్రాన్లను ఢీకొని చెదిరిపోవడానిదే, పైచేయి. అందుకే ఎంవీతో తీసిన బొమ్మలో ఎముకకూ కండకూ తేడా వెలవెలబోతుంది. చాలా లినాక్‌లకు పక్కన కేవీ ట్యూబ్ అమర్చి కోన్ బీమ్ సీటీ (చికిత్స టేబుల్ మీదే తీసే 3డీ స్కాన్) తీసేది ఇందుకే. ఇంకో సంగతి, 6 ఎంవీ కిరణం గరిష్ఠ డోసు చర్మం మీద పడదు, సుమారు 1.5 సెంటీమీటర్ల లోతున పడుతుంది. చర్మానికే డోసు కావాలంటే పైన బోలస్ (కణజాలం లాంటి పదార్థపు పొర) వేస్తాం. వేయాల్సిన రోజు బోలస్ మరచిపోతే ఏమవుతుందో ఈ ఒక్క విషయం తెలిసినవాళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

జీటీవీ, సీటీవీ, పీటీవీ అనే మూడు హద్దులు బాగా అర్థం చేసుకోండి. మొదటిది కంటికి, స్కాన్‌కు కనిపించే గడ్డ. రెండోది దాని చుట్టూ కనిపించకుండా వ్యాపించి ఉండే అవకాశం ఉన్న భాగం. మూడోది రెండోదానికి రోజువారీ సెటప్ తేడాల కోసం మార్జిన్ కలిపిన భాగం. ఆ మార్జిన్ ఎంత ఉండాలన్నది మీ సెటప్ ఎంత నిలకడగా ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. మీరు బాగా చేస్తే మార్జిన్ తగ్గించగలం, ఆరోగ్యంగా ఉన్న కణజాలం అంత మేర బతుకుతుంది.

ఇమేజ్ మ్యాచింగ్ (ఆ రోజు బొమ్మను ప్లాన్ బొమ్మతో సరిపోల్చడం) మీద ఎక్కువ సమయం పెట్టండి. ఎముకలు కలిశాయి కదా అని సరిపెట్టుకోవద్దు. ప్రొస్టేట్ లాంటి చోట ఎముకలు చక్కగా కలిసినా లోపలి అవయవం జరిగి ఉండొచ్చు. టేబుల్ ఏ దిశలో జరపాలన్నది ప్లస్, మైనస్ గుర్తులతో సహా చేతికి అలవాటయ్యేదాకా ఫాంటమ్ (పేషెంట్ బదులు వాడే నమూనా) మీద సాధన చేయండి. గుర్తు తిరగబడితే తేడా పోదు, రెట్టింపవుతుంది.

థెరాక్-25 అనే రేడియోథెరపీ మెషిన్ ప్రమాదాల గురించి తప్పకుండా చదవండి. 1985, 1987 మధ్య అమెరికా, కెనడాల్లో ఆ మెషిన్ వల్ల 6 మందికి విపరీతమైన డోసు పడింది. సాఫ్ట్‌వేర్ లోపం అసలు కారణం, పాత మెషిన్లలో ఉన్న హార్డ్‌వేర్ ఇంటర్‌లాక్‌లు (ప్రమాదం ఉంటే బీమ్‌ను ఆపేసే ఏర్పాట్లు) దీనిలో తీసేశారు. టెక్సస్‌లోని టైలర్‌లో 1986 మార్చిలో జరిగినప్పుడు స్క్రీన్ మీద "మాల్‌ఫంక్షన్ 54" అని మాత్రమే వచ్చింది. ఆ మెషిన్ తరచూ ఏదో ఒక మెసేజ్ ఇచ్చి ఆగేది, కొనసాగించడానికి ఒక కీ నొక్కడం ఆపరేటర్లకు అలవాటైపోయింది. ఆ రోజూ అదే జరిగింది. పైగా గది లోపలి కెమెరా, ఇంటర్‌కమ్ పనిచేయడం లేదు, పేషెంట్ బాధపడుతున్నది బయటికి తెలియలేదు. అర్థం కాని మెసేజ్ వస్తే ఆపి, మమ్మల్ని పిలవండి. పిలిచినందుకు విసుక్కునే చోట శిక్షణ తీసుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అక్కా, థాంక్స్ సర్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంట్లోవాళ్ల భయం గురించి కూడా చెప్పండి సర్. ఇంకో మాట, రోజూ క్యాన్సర్ పేషెంట్లను చూస్తూ మనసు తట్టుకుంటుందా అని మా అమ్మ అడుగుతోంది.

మెడికల్ ఫిజిసిస్ట్

లినాక్ బీమ్ ఆఫ్ చేస్తే ఎక్స్‌రేలు ఉండవు. 10 ఎంవీ దాటిన శక్తుల్లో న్యూట్రాన్ల వల్ల మెషిన్ తలభాగంలో స్వల్పంగా రేడియోధార్మికత కొద్దిసేపు మిగులుతుంది, దానికి పద్ధతులు ఉన్నాయి. కోబాల్ట్-60 మెషిన్, బ్రాకీథెరపీలో వాడే ఇరిడియం-192 మాత్రం అసలైన సోర్సులు, వాటికి ఆఫ్ బటన్ ఉండదు, కవచం లోపలికి వెళ్లిపోతాయంతే. అందుకే సోర్సు లోపలికి తిరిగి వెళ్లకపోతే ఏం చేయాలో ఎమర్జెన్సీ డ్రిల్‌గా చేయిస్తారు. ఆ డ్రిల్ చేయించని కోర్సులో చేరకండి. ట్రీట్‌మెంట్ సమయంలో మీరు మందపాటి కాంక్రీటు గోడల బయట ఉంటారు. అంతర్జాతీయ సిఫార్సు ప్రకారం సిబ్బందికి పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (శరీరం మీద రేడియేషన్ ప్రభావాన్ని కొలిచే కొలమానం), ఏ ఒక్క ఏడాదీ 50 దాటకూడదు. కొన్ని దేశాల్లో ఇంకా కఠినంగా ఉంటుంది. డోసు కొలిచే బ్యాడ్జి పెట్టుకుని, పద్ధతి పాటించే థెరపిస్టుల రీడింగ్‌లు మామూలుగా దీనికి చాలా దూరంలోనే ఉంటాయి. ఇంట్లో ఈ మాట చెప్పండి.

సీటీ నుంచి ఇటు మారిన టెక్నాలజిస్ట్

అమ్మగారి ప్రశ్నకు నేను జవాబిస్తాను. బాధ ఉంటుంది, దాచిపెట్టను. వారాల తరబడి రోజూ పలకరించిన మనిషి రావడం ఆగిపోతే మనసు కలుక్కుమంటుంది. పిల్లలకు ట్రీట్‌మెంట్ ఇచ్చే రోజులు ఇంకా కష్టం. కానీ రేడియోథెరపీ అంటే చివరి దశ వాళ్లే వస్తారన్న అపోహ మీవాళ్లకు ఉంటే తీసేయండి. పూర్తిగా నయం చేసే ఉద్దేశంతో వచ్చేవాళ్లు చాలామంది. నొప్పి తగ్గించడానికి ఒకే సిట్టింగ్‌లో 8 గ్రేలు ఇచ్చే సందర్భాలూ ఉన్నాయి. ఎముక నొప్పితో నిద్రపోని మనిషికి కొన్ని వారాల్లో ఉపశమనం రావడం చిన్న విషయం కాదు. మాట్లాడటం కూడా శిక్షణలో భాగమే. కమ్యూనికేషన్ క్లాసుల్ని తేలిగ్గా తీసుకోకండి. "నాకు తగ్గుతుందా?" అని టేబుల్ మీద పడుకుని అడుగుతారు. ఊరికే "తగ్గిపోతుంది" అనేయకూడదు, మౌనంగా కూడా ఉండకూడదు. డాక్టర్‌కు చేరవేసి, ఆయనతో మాట్లాడించాలి.

ఇంకొకటి. మనం స్కాన్‌లో వేగానికి అలవాటు పడతాం, ఎంతమందిని తీశామన్నదే లెక్క. ఇక్కడ మొదటి నెలల్లో మీరు నెమ్మదిగా ఉన్నారని అనిపిస్తుంది. ఉండండి. పేరు, ఐడీ, చికిత్స చేసే చోటు, కుడి ఎడమలు ఇద్దరూ కలిసి పైకి చదివి చూసుకున్నాకే బీమ్. ఈ రోజుల్లో రొమ్ము క్యాన్సర్‌కు కొందరికి 5 సిట్టింగ్‌లలోనే 26 గ్రేలు పూర్తి చేస్తున్నారు. సిట్టింగ్‌లు తగ్గేకొద్దీ ఒక్కోదాని విలువ పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు

కోర్సు మొదలయ్యేలోగా ఏమైనా చేసుకోవచ్చా అక్కా?

సీనియర్ థెరపీ టెక్నాలజిస్ట్

చేసుకోవచ్చు తమ్ముడూ. దగ్గర్లోని రేడియోథెరపీ విభాగంలో అనుమతి అడిగి ఒక రోజు పొద్దున నుంచి సాయంత్రం దాకా ఉండండి. పేషెంట్లు రాకముందు జరిగే మార్నింగ్ చెక్ చూడండి: లేజర్లు, తలుపు ఇంటర్‌లాక్, డోసు అవుట్‌పుట్. థెరపిస్టులు ఒకరినొకరు ప్రశ్నించుకుంటున్నారా, జూనియర్ "ఆగండి" అంటే సీనియర్ ఆగుతున్నారా గమనించండి. అక్కడే చదువుకోవాలో వద్దో మీకు చాలావరకు అర్థమవుతుంది. సీటీలో ఉన్న ఈ రోజుల్లోనే మెడ లింఫ్ నోడ్ లెవల్స్, కటి భాగం అవయవాలు ఒక్కో స్లైస్‌లో గుర్తుపట్టడం సాధన చేయండి, ఇటు వచ్చాక రోజూ అక్కరకొస్తుంది. ఇప్పటి ఉద్యోగం వదిలేటప్పుడు మీ డోసు రికార్డు అడిగి తీసుకోండి, ఫిజిసిస్ట్ గారు చెప్పిన ఐదేళ్ల లెక్క కొత్త చోట కూడా కొనసాగుతుంది. ఏ ఏ కోర్సులు చూస్తున్నారో ఇక్కడ రాయండి, పాఠ్యాంశాలు కలిసి చూద్దాం.