రెండు వేల ఏళ్లు ఎవరూ చదవని కావ్యాన్ని కాలానికి నిలిచిందనవచ్చా?

తాటాకు:
మెసొపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో పుట్టిన గిల్గమేష్ కావ్యం గురించి ఎవరు రాసినా చిరస్థాయిగా నిలిచిన రచన అంటారు. నాకిది మింగుడు పడటం లేదు. క్రీస్తుశకం మొదలయ్యేనాటికే దాన్ని చదివేవారు, నకలు రాసేవారు దాదాపు లేకుండా పోయారు. ఆ తర్వాత దాన్ని రాసిన క్యూనిఫాం లిపి, అంటే మట్టి మీద మేకుల్లాంటి గుర్తులతో రాసే రాత, తెలిసినవారే అంతరించారు. 1872లో బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ స్మిత్ ఒక మట్టిపలక ముక్కలో జలప్రళయం కథను గుర్తుపట్టేదాకా ఈ కావ్యం ఉందన్న సంగతే లోకానికి తెలియదు. మహాభారతం అలా కాదు. ప్రతి తరం దాన్ని విన్నది, పాడుకుంది, దానితో పోట్లాడింది, తన భాషలో తిరగరాసుకుంది. ఇలియడ్‌ను గ్రీకు పిల్లలు బడిలో వల్లెవేశారు. నడుమ తెగిపోయిన కావ్యం ఏ తరాన్ని తీర్చిదిద్దిందని దానికి ఆ పీట వేస్తున్నాం?

మట్టిపలక:
తాటాకు గారూ, తెగిపోకముందు అది ఎంతకాలం బతికిందో కూడా లెక్కలోకి తీసుకోండి. ఉరుక్ రాజు గిల్గమేష్ మీద ముందు సుమేరియన్ భాషలో విడివిడి కవితలు వచ్చాయి. క్రీ.పూ. 1800 ప్రాంతానికి అక్కడియన్‌లో ఒక కథగా అల్లుకున్నాయి. తర్వాతి కాలపు స్థిరపాఠాన్ని సిన్-లేకి-ఉన్నిన్ని అనే పండితుడి పేరుతో చెప్పుకున్నారు. ఇప్పటి టర్కీలోని హత్తుషాలో దీనికి హిట్టైట్ అనువాదం దొరికింది. ఇప్పటి ఇజ్రాయెల్‌లోని మెగిద్దోలో ఒక ముక్క దొరికింది. రాత నేర్చుకునే కుర్రవాళ్లు దీన్ని మట్టి మీద దిద్దారు. వెయ్యిన్నర ఏళ్లకు పైగా ఎన్నో దేశాల్లో చదివిన కావ్యమిది. మనకు తెలిసిన భాషల్లో ఎన్నింటికి అంత ఆయుష్షు ఉంది?

నిదానం:
ఒక చిన్న సంగతి. ప్రాణస్నేహితుడు ఎంకిడు చనిపోయినప్పుడు గిల్గమేష్ పిల్లలను పోగొట్టుకున్న ఆడసింహంలా అటూ ఇటూ తిరుగుతాడు. ఇలియడ్ 18వ సర్గలో స్నేహితుడు పాట్రోక్లస్ శవం దగ్గర వీరుడు అఖిలీస్ శోకానికీ అదే ఉపమానం, కూనలను పోగొట్టుకున్న సింహం. నేరుగా అరువు తెచ్చుకున్నారని ఎవరూ రుజువు చేయలేరు. కానీ తాటాకు గారు అన్నంత శుభ్రంగా తెగిపోలేదేమో అని అనుమానించడానికి ఇది చాలు.

తాటాకు:
ఉపమానం ఒకటి కలిసినంత మాత్రాన వంశవృక్షం గీయలేం. వేటగాళ్లున్న ప్రతిచోటా సింహం కూనల కోసం రోదించడం జనం చూసి ఉంటారు. అసలు విషయం వేరు. 1872లో ఇంగ్లండ్ ఎందుకు ఊగిపోయింది? బైబిల్లోని నోవహు కథకు పాత సాక్ష్యం దొరికిందని. డెయిలీ టెలిగ్రాఫ్ పత్రిక వెయ్యి గినీలిచ్చి స్మిత్‌ను ఆ పలకలు దొరికిన శిథిల నగరం నినెవేకు పంపింది కూడా అందుకే. ఆ ఒక్క ప్రళయం కథ లేకపోతే ఇది నిపుణులు తప్ప ఎవరూ ముట్టుకోని పలకల కుప్పగానే ఉండేది.

మట్టిపలక:
తలుపు తెరిచింది ప్రళయమే, కాదనను. కానీ లోపలికి వెళ్లినవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో చూడండి. ప్రళయం పదకొండో పలకలో, దాన్ని దాటి చావులేని వరం పొందిన ఉత్నపిష్టిమ్ చెప్పే కథలో కథ. దాని వెనకే రొట్టెల ఘట్టం ఉంది, నా మటుకు కావ్యానికి గుండెకాయ అదే. చావును జయించాలని వచ్చావు గదా, ముందు ఆరు పగళ్లు, ఏడు రాత్రులు నిద్ర ఆపుకో అంటాడు ఉత్నపిష్టిమ్. గిల్గమేష్ కూర్చోగానే నిద్ర ముంచేస్తుంది. లేచాక అబద్ధమాడతాడని ఆ ముసలాయన భార్యతో రోజుకో రొట్టె కాల్పించి తల దగ్గర పెట్టిస్తాడు. ఏడో రోజు తట్టి లేపితే, ఇప్పుడే కునుకు పట్టింది, ఇంతలోనే లేపావు అంటాడు గిల్గమేష్. రొట్టెలు చూసుకోమంటాడు ఆయన. మొదటిది ఎండి గట్టిపడింది. రెండోది తోలులా అయింది. మూడోది చెమ్మగిల్లింది. ఒకదానికి తెల్ల బూజు, ఒకదానికి బూడిద రంగు బూజు. ఆరోది తాజాగా ఉంది. ఏడోది ఇంకా నిప్పుల మీదే ఉంది.

ఇందులో దేవుళ్లు లేరు, ఉపదేశం లేదు. మహావీరుడి ముందు బూజు పట్టిన రొట్టెలు వరసగా పెట్టి, నువ్వు మనిషివి అని చూపించాడు ఆ కవి. దీన్ని చదవమని ఏ గుడీ చెప్పలేదు, ఏ పండుగా గుర్తు చేయలేదు, ఏ కులమూ మాది అని మోయలేదు. వెనక ఎవరి అండా లేకుండా, వేరే యుగంలో, వేరే భాషల్లోకి వచ్చి మనసును పట్టుకుంటోంది. ఎడతెగకుండా పారాయణమైన కావ్యాలకు ఈ పరీక్ష ఎప్పుడూ రాలేదు. భారతం గొప్పతనంలో ఎంత భాగం రచనది, ఎంత భాగం మన అలవాటుది అని విడదీసి చెప్పగలరా?

పుప్పొడి:
మీ ఇద్దరూ ఇదంతా పూర్తయిన గ్రంథమన్నట్టు మాట్లాడుతున్నారు. ఇరాక్‌లోని సులేమానియా మ్యూజియం కొన్న ఒక పలక ముక్కను 2014లో ప్రకటించారు. అది ఐదో పలక భాగం. అంతకుముందు దేవదారు అడవి మనకు దాదాపు మౌనంగా ఉండేది. ఇందులో పక్షులు, ఇలకోళ్లు, చెట్ల మీద కోతులు కలిసి అడవి కాపరి హుంబాబాకు కచేరీ చేస్తున్నట్టు ఉంటుంది. అతన్ని చంపి, చెట్లు నరికాక ఎంకిడుకే దిగులు పుడుతుంది. అడవిని బీడు చేశాం, నిప్పూరు నగరంలో ఎన్లిల్ దేవుడికి ఏమని బదులు చెబుతాం అంటాడు. రాక్షసుడిని చంపిన వీరగాథ అనుకున్నది ఒక్క ముక్కతో నేరం చేసినవాళ్ల కథ అయింది. ఇంకా మారుతూనే ఉన్న కావ్యానికి ఇప్పుడే తీర్పులెందుకు?

తాటాకు:
మీరు చెప్పినది నా అభ్యంతరాన్ని బలపరుస్తోంది. నిలిచింది అనాలంటే ముందు ఏది నిలిచిందో తేలాలి కదా?

మట్టిపలక:
ఆ లెక్కన భారతానిదీ అదే పరిస్థితి. పాఠభేదాలు సరిచూసి సంశోధిత ప్రతి తయారు చేయడానికి పుణెలోని భండార్కర్ సంస్థకు 1966 దాకా పట్టింది.

తాటాకు:
పుణె ప్రతి మాట వాస్తవం. కానీ ఆ భేదాలు బతికున్న నోళ్లు, చేతులు కల్పించినవి. గిల్గమేష్‌లో ఖాళీలు పలకలు పగలడం వల్ల వచ్చినవి. రెండింటినీ ఒకే గాటన కట్టను. రొట్టెల ఘట్టం మాత్రం నేను చదివిన సంక్షిప్త అనువాదంలో లేదు. అదీ, ఐదో పలకలోని కొత్త పంక్తులూ కలిపిన పూర్తి అనువాదం ఏదైనా ఉంటే చెప్పండి. చదివాక మళ్లీ వాదిస్తాను.