అక్టోబర్ 29 ఇష్యూ 2 చర్చ: వాలంటీర్ల పనులు, అభ్యంతరాలు

సమన్వయం, అక్టోబర్ 12, 2023

అందరికీ నమస్కారం. బతుకమ్మ పనుల్లో ఊపిరి సలపకుండా ఉన్నారని తెలుసు. కానీ ఇది పండగ అయ్యాక చూద్దాం అనుకునే పని కాదు. నవంబర్ 7న ఒహాయోలో ఓటింగ్. 21 ఏళ్లు నిండినవాళ్లకి గంజాయిని చట్టబద్ధం చేయాలా వద్దా అన్నది ఇష్యూ 2గా బ్యాలెట్ మీద ఉంది. ఓటరు రిజిస్ట్రేషన్ గడువు మొన్న 10తో అయిపోయింది, నిన్నటి నుంచి ముందస్తు ఓటింగ్ కూడా మొదలైంది. పోయినసారి మన తెలుగు సంఘం మీటింగులో అనుకున్నట్టు అక్టోబర్ 29 ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకి చర్చ పెడదాం. లైబ్రరీలో మీటింగ్ రూమ్ దొరికింది. 5 కల్లా కుర్చీలు సర్ది గది అప్పగించాలి.

వాట్సాప్‌లో తిరుగుతున్న దానిలో తప్పులు చాలా ఉన్నాయి, అందుకే ప్రతిపాదనలో ఏముందో క్లుప్తంగా రాస్తున్నాను. ఒక్కొక్కరి దగ్గర 2.5 ఔన్సుల వరకు, అంటే సుమారు 70 గ్రాములు ఉండొచ్చు. ఎక్స్‌ట్రాక్ట్ (మొక్క నుంచి తీసిన గాఢమైన సారం) అయితే 15 గ్రాములు. ఇంట్లో ఒక్కరికి 6 మొక్కలు, ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ మంది పెద్దవాళ్లు ఉంటే మొత్తం 12. మామూలు సేల్స్ టాక్స్ మీద ఇంకో 10 శాతం పన్ను. అదే బ్యాలెట్ మీదున్న ఇష్యూ 1 రాజ్యాంగ సవరణ, మన ఇష్యూ 2 మాత్రం మామూలు చట్టం. గెలిచినా రేపు శాసనసభ దీన్ని మార్చుకోవచ్చు. ఈ తేడా చాలామందికి తెలియడం లేదు.

కావలసినవాళ్లు: కుర్చీలకి నలుగురు, పిల్లల గదికి ఇద్దరు, టైమ్ చూడటానికి ఒకరు.

ట్రెజరర్, అక్టోబర్ 12

ఖర్చు గురించి టెన్షన్ లేదు, గది ఉచితమే. నా భయం వేరే. మనది 501(సి)(3) సంఘం, అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థ. రాజకీయం చేశారని ఎవరైనా ఫిర్యాదు చేస్తే?

సమన్వయం, అక్టోబర్ 12

ట్రెజరర్ గారూ, మంచి ప్రశ్న. మనలాంటి సంఘాలు ఏ అభ్యర్థికీ మద్దతు ఇవ్వకూడదు, వ్యతిరేకించకూడదు. అది పూర్తి నిషేధం. బ్యాలెట్ మీద ఉన్న ప్రతిపాదన అలా కాదు, దాన్ని లాబీయింగ్ (చట్టం కోసం ఒత్తిడి తేవడం) కింద లెక్కేస్తారు. అది పరిమితికి లోబడి చేయొచ్చు. మనం అంతవరకు కూడా వెళ్లడం లేదు. ఇటు ఒకరు, అటు ఒకరు, సమానమైన టైమ్. సంఘం పేరుతో ‘అవును’ అనీ అనం, ‘కాదు’ అనీ అనం. స్టేజీ మీద బ్యానర్ తప్ప ఇంకో బోర్డు ఉండదు. ఎవరైనా ప్రచారం కరపత్రాలు తెస్తే గుమ్మం దగ్గరే వద్దని చెప్పాలి. అది ఎవరు చూసుకుంటారు?

హాలు బుకింగ్, అక్టోబర్ 12

గుమ్మం నేను చూస్తాను అక్కా.

ఫుడ్ కమిటీ, అక్టోబర్ 13

సమోసా, చాయ్, చిన్న డబ్బాల్లో పులిహోర చాలనుకుంటున్నాం. కానీ నా మనసులో మాట చెప్పనివ్వండి. మన సంఘం పేరు, గంజాయి ఒకే ఫ్లయర్ మీద ఎలా వేస్తాం? సంక్రాంతికీ ఉగాదికీ పిలిచే సంఘం ఇది. మా మామయ్య గారు ఇక్కడే ఉన్నారు, ఫ్లయర్ చూసి ‘ఇక్కడ కూడా ఇదేనా’ అన్నారు. కనీసం ‘మారిజువానా’ అని రాస్తే కాస్త మర్యాదగా ఉంటుందేమో.

సమన్వయం, అక్టోబర్ 13

వదినా, మీ ఇబ్బంది అర్థమైంది. అయినా మాట మార్చవద్దని నా అభిప్రాయం. మారిజువానా అని రాస్తే పెద్దవాళ్లు ఏదో మందు అనుకుంటారు. గంజాయి అంటేనే మనవాళ్లకి వెంటనే బుర్రలోకి వెళ్తుంది. పైగా మీ మామయ్య గారి లాంటివాళ్ల కోసమే ఇది పెడుతున్నాం. రేపు గ్రోసరీ పక్కన డిస్పెన్సరీ, అంటే గంజాయి అమ్మే దుకాణం తెరిచి, అందులో మోకాళ్ల నొప్పులకి ఏదో దొరుకుతుందని ఎవరో చెప్పి తీసుకెళ్తే, విజిటర్ వీసా మీద వచ్చిన ఆయనకి ఏమవుతుందో ఎవరు చెప్తారు?

రవాణా వాలంటీర్, అక్టోబర్ 13

మాది నర్సీపట్నం వైపు. నేను మామూలుగా ఇక్కడ ఏమీ రాయను. ఏజెన్సీలో గంజాయి ఎలా కదులుతుందో చిన్నప్పటి నుంచి చూశాను. పండించేవాడికీ, మూట మోసే కుర్రాడికీ వచ్చేది కొంచెం. దొరికితే జైలుకి వెళ్లేది వాళ్లే. సొమ్ము చేసుకునేవాడు ఎక్కడో నగరంలో ఉంటాడు. 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ అని పోలీసులు వేల ఎకరాల్లో మొక్కలు నరికించారు. మా దూరపు చుట్టం ఒకడు ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కేసులో బెయిలు రాక ఏళ్లు కూర్చున్నాడు, వాళ్లమ్మ ప్రతి వాయిదాకీ విశాఖ బస్సెక్కేది. అందుకని గంజాయి అంటే నాకు ఒళ్లు మండుతుంది. కానీ నిషేధం ఎవరి మీద పడుతుందో కూడా కళ్లారా చూశాను. నా ఓటు ఎటు వేయాలో నిజంగా తేలడం లేదు. అందుకే ఈ చర్చ కావాలి. కారు, వ్యాన్ రెండూ తెస్తాను.

యూత్ కమిటీ, అక్టోబర్ 14

పిల్లల గది మంచిదే, కానీ హైస్కూల్ వాళ్లని అందులో కూర్చోబెట్టకండి. 18 నిండినవాళ్లకి ఈ బ్యాలెట్ మీద ఓటుంది. స్కూల్ బాత్రూముల్లో వేప్‌లు (ఈ-సిగరెట్లు) ఎలా చేతులు మారతాయో అమ్మానాన్నల కంటే మాకే తెలుసు. మా గురించి మాట్లాడుతూ మమ్మల్ని బయట ఉంచితే ఎలా?

సమన్వయం, అక్టోబర్ 14

ఒప్పుకుంటున్నాను. 14 దాటినవాళ్లు అమ్మానాన్నలతో లోపల కూర్చోవచ్చు. చిన్నపిల్లలకి పక్క గదిలో దీపావళి ప్రమిదలకి రంగులు వేయించండి.

కాలేజీ పిల్లలకి ఒక మాట ముఖ్యంగా చేరాలి. ఇష్యూ 2 గెలిచినా క్యాంపస్‌లో గంజాయి నిషేధమే. ఫెడరల్ నిధులు తీసుకునే యూనివర్సిటీలు 1989 నాటి చట్టం ప్రకారం నిషేధించి తీరాలి. డార్మ్ గదిలో దొరికితే ‘రాష్ట్రంలో లీగలే కదా’ అన్న మాట పనికిరాదు.

సమన్వయం, అక్టోబర్ 16

వక్తలు కుదిరారు. ‘కాదు’ వైపు మన పిల్లల డాక్టరు గారు, ‘అవును’ వైపు పేదల కేసులు వాదించిన అనుభవం ఉన్న లాయరు గారు. ఒక్కొక్కరికి 20 నిమిషాలు. ఏం మాట్లాడతారో ఇద్దరినీ అడిగాను, మీకూ తెలిస్తే మంచిది.

డాక్టరు గారి బాధ ముఖ్యంగా గంజాయి కలిపిన గమ్మీల గురించి. చూడటానికి చాక్లెట్, జెల్లీ లాగా ఉంటాయి. మూడేళ్ల పిల్లకి తేడా ఏం తెలుస్తుంది? ఒహాయోలోని పిల్లల ఆసుపత్రుల సంఘం ఈ ప్రతిపాదనని వ్యతిరేకిస్తోంది, గవర్నర్ మైక్ డివైన్ కూడా. టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తెక్కించే పదార్థం, ఎంత బలంగా ఉంటుందన్న సంగతీ ఆవిడ లేవనెత్తుతారు. అధికారులు పరిమితి పెట్టదలిస్తే పువ్వుకి 35 శాతం, ఎక్స్‌ట్రాక్ట్‌కి 90 శాతం కంటే తక్కువ పెట్టకూడదని ప్రతిపాదనలోనే ఉంది. ఊళ్లో సాధువులు తాగిన గంజాయికీ దీనికీ పోలిక లేదంటారు ఆవిడ.

లాయరు గారి వాదన మిచిగన్‌తో మొదలవుతుంది. అక్కడ 2018లో ఓటర్లు ఒప్పుకున్నారు, 2019 డిసెంబర్ నుంచి దుకాణాలు నడుస్తున్నాయి. మన టొలీడో ఊరి నుంచి సరిహద్దు ఎంత దూరం? జనం వెళ్లి కొంటున్నారు, పన్ను మిచిగన్‌కి పోతోంది. రెండోది అరెస్టుల సంగతి. పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం గంజాయి దగ్గర ఉంచుకున్నందుకు నల్లజాతివాళ్లు అరెస్టయ్యే అవకాశం తెల్లవాళ్ల కంటే 3.6 రెట్లు ఎక్కువ, వాడకం మాత్రం ఇద్దరిలోనూ దాదాపు ఒకటే. ఇష్యూ 2 కింద వచ్చే పన్నులో 36 శాతం ఇలా నష్టపోయినవాళ్లకి అవకాశాలు కల్పించే నిధికి, 36 శాతం దుకాణాలున్న ఊళ్లకి, 25 శాతం వ్యసనాల చికిత్సకి, మిగతా 3 శాతం నిర్వహణకి.

2015లో ఇలాంటిదే ఇష్యూ 3 వచ్చి చిత్తుగా ఓడింది. పది చోట్ల మాత్రమే సాగు, అదీ పెట్టుబడి పెట్టినవాళ్లకే అని రాశారు, జనం ఒప్పుకోలేదు. ఇద్దరిలో ఒకరు దీన్ని కూడా ప్రస్తావిస్తే బాగుంటుంది.

ట్రెజరర్, అక్టోబర్ 16

ఇమ్మిగ్రేషన్ గురించి చివర్లో ఐదు నిమిషాలు అని అజెండాలో ఉంది. చాలా?

సమన్వయం, అక్టోబర్ 17

చాలదు. రాత్రంతా అదే ఆలోచించాను.

ఓటు వేసేది సిటిజన్లు. మన హాల్లో కూర్చునేవాళ్లలో సగం మందికి ఓటు లేదు: హెచ్‌1బీ ఉద్యోగులు, ఎఫ్‌1 విద్యార్థులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు. ఇష్యూ 2 గెలిస్తే ఓటు వేసినవాళ్లకి వచ్చేది ఒక వెసులుబాటు. ఓటు లేనివాళ్లకి మాత్రం ‘ఇక లీగల్’ అన్న ఆ ఒక్క మాటే ప్రమాదం. ఫెడరల్ చట్టంలో గంజాయి 1970 నుంచి షెడ్యూల్ 1లోనే, అంటే అన్నిటికంటే కఠినమైన జాబితాలోనే ఉంది. ఆరోగ్య శాఖ ఈ ఆగస్టులో దాన్ని షెడ్యూల్ 3కి దించమని సిఫారసు చేసింది, ఇంకా ఏదీ మారలేదు. వీసా, గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ చూసేది ఫెడరల్ చట్టమే.

మా బేస్‌మెంట్‌లో ఒక అబ్బాయి ఏడాది ఉన్నాడు. చదువులో చురుకు, మా పిల్లలకి లెక్కలు చెప్పేవాడు. స్నేహితులతో కొలరాడో వెళ్లాడు, గంజాయి దుకాణం ముందు ఫోటో దిగి పెట్టాడు. సెలవులకి ఇంటికెళ్లి తిరిగొస్తుంటే ఎయిర్‌పోర్టులో ఫోన్ చూసి గంజాయి వాడావా అని అడిగారు. అబద్ధం ఎందుకని, అక్కడ లీగలే కదా అని, అవునన్నాడు. అదే విమానంలో వెనక్కి పంపారు. వాడి బట్టలు, పుస్తకాలు నేనే పెట్టెల్లో సర్ది పార్సెల్ చేశాను. కేసు లేదు, అరెస్టు లేదు. ఒప్పుకోవడమే సరిపోయింది. వాడికి ఎవరైనా ముందే చెప్పి ఉంటే అని ఈరోజుకీ అనిపిస్తుంది.

కాబట్టి అజెండా మారుస్తున్నాను. ఇమ్మిగ్రేషన్ లాయరు గారికి పూర్తి అరగంట. ఆయన చెప్పాల్సినవి నేను రాసి పంపాను:

వాడకం, గంజాయి వ్యాపారంలో ఉద్యోగం రెండూ సిటిజన్‌షిప్‌కి కావలసిన మంచి నడవడిక షరతుకి అడ్డం కావచ్చని, రాష్ట్రంలో లీగల్ అయినా సరే, సిటిజన్‌షిప్ దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా రాసింది. మనవాళ్లకి ఇది ఎలా తగులుతుందో చూడండి. డిస్పెన్సరీ కంపెనీకి సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వస్తుంది, కన్సల్టెన్సీ వాళ్లు ‘మామూలు క్లయింటే’ అంటారు. స్ట్రిప్ మాల్‌లో వాటా ఉన్నవాళ్ల దగ్గరికి దుకాణం వాళ్లు మంచి అద్దెతో వస్తారు. ఇలాంటివి లాయరుని అడగకుండా ఒప్పుకోకూడదు. వైద్యం కోసం గంజాయి కొనుక్కునే మెడికల్ కార్డు ఉన్నా ఫెడరల్ లెక్కలో అది రక్షణ కాదు. మిచిగన్ నుంచి తేవడం రాష్ట్రాల సరిహద్దు దాటించడం కిందికి వస్తుంది. ఒహాయోలో 100 గ్రాముల లోపు దొరికితే ఇప్పటికీ 150 డాలర్ల లోపు ఫైనే, జైలు లేదు. కానీ వీసా మీద ఉన్నవాళ్లు దాన్ని పార్కింగ్ టికెట్‌లా కట్టేసి మర్చిపోకూడదు, ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుకి చూపించాలి. గంజాయి దగ్గర ఉంచుకున్న కేసుల్లో 2022 అక్టోబర్‌లో బైడెన్ ఇచ్చిన క్షమాభిక్ష సిటిజన్లకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ మాత్రమే, హెచ్‌1బీ వాళ్లకి కాదు.

హాలు బుకింగ్, అక్టోబర్ 17

అయితే వీడియో తీసి యూట్యూబ్‌లో పెడదాం అనుకున్నాం కదా, అది?

సమన్వయం, అక్టోబర్ 17

వద్దు. రికార్డింగ్ లేదు, లైవ్ లేదు, ఫోన్లు జేబులో. వీసా దరఖాస్తుల్లో సోషల్ మీడియా ఖాతాలు అడగడం 2019 నుంచి ఉంది. ఎవరో లేచి ‘నేను డెన్వర్‌లో ఒకసారి’ అని మొదలుపెడితే, అది ఎవరి ఫోన్లో ఎక్కడికి వెళ్తుందో మన చేతిలో లేదు. మోడరేటర్ మొదట్లోనే చెప్పాలి: ఎవరూ సొంత అనుభవం చెప్పవద్దు, మైకులో ప్రశ్నలు లేవు. చీటీల మీద పేరు లేకుండా రాసి పెట్టెలో వేయాలి. పెట్టెని ఆదివారం బతుకమ్మ దగ్గర చెప్పుల స్టాండ్ పక్కన పెడదాం, అక్కడ ఎవరూ గమనించరు.

ఫుడ్ కమిటీ, అక్టోబర్ 19

మామయ్య గారికి ఇదంతా చదివి వినిపించాను. ఫ్లయర్ అలాగే ఉంచమన్నారు. తన కోసం ముందు వరసలో కుర్చీ ఉంచాలట, చెవి కొంచెం తక్కువ. సమోసాలు 120 చెప్పేశాను. చక్కెర లేని చాయ్ ఫ్లాస్కు ఒకటి వేరుగా పెడతాం.

యూత్ కమిటీ, అక్టోబర్ 19

చీటీల్లో ఇంగ్లీషులో రాసినవి తెలుగులోకి మేం చదువుతాం. అమ్మానాన్నల ముందు అడగలేనివి మా వాళ్లవి కొన్ని వస్తాయి, వాటిని పక్కన పెట్టకండి.

సమన్వయం, అక్టోబర్ 23

దసరా శుభాకాంక్షలు. నిన్న రాత్రి సద్దుల బతుకమ్మ అయ్యాక పెట్టె తెరిచాను. 31 చీటీలు. డాక్టరు గారికి నాలుగు, ‘అవును’ వైపు లాయరు గారికి ఆరు. మిగతా 21 వీసా, గ్రీన్ కార్డు గురించే. వాటిలో తొమ్మిది ‘మా ఫ్రెండ్ ఒకరు’ అని మొదలయ్యాయి. ఒకటి పెన్సిల్‌తో, తెలుగులో, పెద్దవాళ్ల చేతిరాత: ‘మా అబ్బాయికి నవంబర్‌లో వీసా స్టాంపింగ్ ఉంది. వాడిని నేను ఏమని అడగాలి?’

దీనికి హాల్లో జవాబు చెప్పడం కుదరదు. ఇమ్మిగ్రేషన్ లాయరు గారు చివర్లో పక్క గదిలో విడివిడిగా మాట్లాడటానికి ఒప్పుకున్నారు. పిల్లల గది 4 గంటలకల్లా ఖాళీ చేసి, రంగులు తుడిచి, బయట ఒక కుర్చీ వేయాలి, లోపలికి ఒక్కొక్కరే వెళ్లేట్టు. మొదట్లో పెట్టిన పాట తీసేసి ఆ పది నిమిషాలు ఆయనకిచ్చాను. ఆ గుమ్మం దగ్గర ఎవరెవరు వెళ్తున్నారో చూడకుండా కూర్చునే మనిషి ఒకరు కావాలి. రాత్రికల్లా చెప్పండి.

రవాణా వాలంటీర్, అక్టోబర్ 23

నేను కూర్చుంటాను.