ఇంజిన్ మార్చాక ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) మెయిన్ రిలే టకటక కొట్టుకుంటోంది, కొత్త రిలే వేసినా పోవట్లేదు

అడిగినవారు (గుంటూరు):
అన్నలకు నమస్కారం. బండి 1248 సీసీ కామన్‌రైల్ డీజిల్ కారు. పాత ఇంజిన్ పోవడంతో అదే మోడల్‌ది సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ తెచ్చి బిగించాం. ఈసీఎం, తాళంచెవి బండివే, మార్చలేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే స్టార్టవుతుంది. వేడెక్కాక ఆపి మళ్ళీ కీ తిప్పితే బానెట్ కింద ఫ్యూజు బాక్సులో మెయిన్ రిలే (ఈసీఎంకి కరెంటు ఇచ్చే స్విచ్చు) టకటకమని కొట్టుకుంటుంది, దాంతోపాటే డాష్‌బోర్డులో ఇంజిన్ లైటు ఆరి వెలుగుతుంది. కాజ టోల్‌గేట్ దగ్గర లైన్లో ఉండగానే ఆగిపోయింది. స్కానర్ ఒకసారి కలుస్తుంది, ఒకసారి కలవదు. కలిసినప్పుడు పీ0685, పీ0562 అనే తప్పు కోడ్లు చూపించింది. కొత్త రిలే వేస్తే కొన్నాళ్ళు బాగానే ఉండి మళ్ళీ మొదలైంది. ఇప్పుడు ఈసీఎం పోయిందంటున్నారు. అంత డబ్బు పెట్టే ముందు ఇంకేం చూడాలి?

ఆటో ఎలక్ట్రీషియన్ (విజయవాడ ఆటోనగర్):
తమ్ముడూ, ఈసీఎం మార్చే మాట ఇప్పుడే వద్దు. పీ0685 అంటే మెయిన్ రిలేని నడిపించే సర్క్యూట్ తెగుతోందని. పీ0562 అంటే ఈసీఎంకి వోల్టేజి తక్కువ అందుతోందని. ఇంజిన్ దించి ఎక్కించిన బండిలో ఈ రెండూ జంటగా వస్తే నేను ముందు చూసేది ఎర్త్ వైర్లు.

ఇలాంటి బళ్ళలో కీ ఆన్ చేయగానే సన్న వైరులో ఈసీఎంకి కబురు అందుతుంది. ఈసీఎం లోపలి ట్రాన్సిస్టర్ రిలే కాయిల్ రెండో కొసని ఎర్త్ చేస్తుంది. కాయిల్ లాగితే కాంటాక్టు కలిసి బ్యాటరీ కరెంటు లావు వైర్లలో ఈసీఎంకి, సెన్సర్లకి, వాల్వులకి పోతుంది. అంటే రిలేని పట్టి ఉంచేది ఈసీఎం, ఈసీఎంకి కరెంటు ఇచ్చేది రిలే. ఒకటి తడబడితే రెండోదీ తడబడుతుంది. అందుకే దేనిది తప్పో వినికిడితో తేలదు, మీటరుతోనే తేలాలి.

టకటక గురించి ఒక్క విషయం గుర్తుంచుకోండి. 12 వోల్టుల రిలే లాగడానికి సుమారు 7, 8 వోల్టులు కావాలి. ఒకసారి పట్టుకున్నాక మాత్రం 3, 4 వోల్టులున్నా వదలదు. కాబట్టి వోల్టేజి కాస్త తగ్గినంత మాత్రాన టకటక రాదు. కాయిల్ దారి పూర్తిగా తెగి మళ్ళీ కలుస్తుంటేనే వస్తుంది. మీ బండిలో తెంపుతున్నది రీసెట్ అవుతున్న ఈసీఎం అని నా అనుమానం. కాంటాక్టు కలవగానే లోడు కరెంటంతా ఈసీఎం ఎర్త్ గుండా తిరిగి రావాలి. ఆ జాయింటు చెడి ఉంటే అక్కడే 3, 4 వోల్టులు పోతాయి. మిగిలింది చాలక ఈసీఎం రీసెట్ అవుతుంది, రిలేని వదిలేస్తుంది. లోడు తీసేయగానే వోల్టేజి లేస్తుంది, ఈసీఎం మళ్ళీ లాగుతుంది.

వేడెక్కాకే ఎందుకు ఎక్కువంటే, కాయిల్ రాగి తీగ. డిగ్రీకి 0.39 శాతం చొప్పున దాని ఓములు పెరుగుతాయి. 20 డిగ్రీల దగ్గర 80 ఓములున్న కాయిల్ బానెట్ కింద 90 డిగ్రీలకి చేరితే 102 ఓములవుతుంది. 7 వోల్టులకి లాగేది అప్పుడు 9 దగ్గర గానీ లాగదు. లూజు జాయింటు కూడా వేడికి, అదురుకి కదులుతుంది. రిలే మార్చినప్పుడు కొన్నాళ్ళు బాగుండటం కూడా ఇందువల్లే అయి ఉంటుంది. బ్యాటరీ టెర్మినల్ తీసి, వైరింగ్ కదిపి ఉంటారు, జాయింటు తాత్కాలికంగా పట్టుకుంటుంది.

ముందు ఈ రీడింగులు తీసి పెట్టండి.

బ్యాటరీ టెర్మినళ్ళ మీద కీ ఆఫ్‌లో 12.4 పైన, సెల్ఫ్ కొడుతుండగా 9.6 పైన ఉండాలి.

సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ మైనస్ పోస్టుకీ ఇంజిన్ బ్లాక్ మీద గీకిన ఇనుముకీ మధ్య 0.3 వోల్టు దాటకూడదు. ప్రోబు పోస్టు మీదే పెట్టండి, క్లాంపు మీద కాదు.

రిలే పీకి, దాని సాకెట్‌లో 30, 87 (కాంటాక్టు రెండు కొసలు) గుంటల మధ్య 15 ఆంపియర్ల ఫ్యూజు కట్టిన వైరు పెట్టండి. ఇప్పుడు టకటకకి తావు లేదు, లోడు నిలకడగా ఉంటుంది. కీ ఆన్‌లో ఉంచి, బ్యాటరీ మైనస్ నుంచి ఈసీఎం కప్లర్ వెనక ఎర్త్ పిన్ను వరకు ఎంతుందో చూడండి. 0.1 వోల్టు లోపుండాలి. తర్వాత బ్యాటరీ ప్లస్ నుంచి 87 గుంట వరకు, అది 0.2 లోపుండాలి.

కొన్ని జపాన్ తరహా రిలేల మీద 30, 87 బదులు 1, 2, 3, 5 ఉంటాయి. వాటిలో 1, 2 కాయిల్, 3, 5 కాంటాక్టు. రిలే మీద గీసిన బొమ్మతో సరిపోల్చుకుని గానీ వైరు పెట్టొద్దు.

స్కానర్ పని చూసేవారు (విజయవాడ):
పై మాటకి ఒక హెచ్చరిక కలుపుతున్నాను. జంపర్ వైరు పొరపాటున 30 నుంచి కాయిల్ గుంటలోకి, అంటే ఈసీఎం ఎర్త్ చేసే వైపు పడితే, బ్యాటరీ నేరుగా ఈసీఎం ట్రాన్సిస్టర్ మీద పడుతుంది. కాయిల్‌కి కావాల్సింది 150 మిల్లీ ఆంపియర్లు, ఆ ట్రాన్సిస్టర్ తయారైందీ ఆ స్థాయి పనికే. బల్బు టెస్ట్ ల్యాంపుతో ఆ పిన్నుని తడమొద్దు. 21 వాట్ల బల్బు 1.75 ఆంపియర్లు లాగుతుంది. మీటరు గానీ ఎల్ఈడీ ల్యాంపు గానీ వాడండి.

సాకెట్ గుంటలో లావు ప్రోబు కూడా గుచ్చొద్దు. ఆడ టెర్మినల్ రెక్కలు విచ్చుకుపోతాయి, తర్వాత మంచి రిలే పెట్టినా కరవదు.

వేరొకరు (మంగళగిరి):
రిలే బదులు ఆ జంపర్ వైరే పర్మనెంటుగా ఉంచేస్తే సరిపోదా? చాలా బళ్ళు అలా తిరుగుతున్నాయి కదా.

ఆటో ఎలక్ట్రీషియన్:
వద్దండి. కీ తీసినా ఈసీఎంకి, సెన్సర్లకి కరెంటు పోతూనే ఉంటుంది, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోవచ్చు. ఏదైనా ప్రమాదం జరిగినప్పుడు కరెంటు ఆపే దారీ ఉండదు. ఈ బండిలో జబ్బు ఎర్త్‌దైతే జంపర్ వేసినా జబ్బు అక్కడే ఉంటుంది, టకటక మాత్రం వినపడదు. అది పరీక్షకి, ఒక్క పదినిమిషాలకి.

అడిగినవారు:
రీడింగులు తీశాం. బ్యాటరీ 12.5, సెల్ఫ్ కొడుతుండగా 10.4. బ్లాక్ ఎర్త్ 0.2. జంపర్ పెట్టి చూస్తే ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతోంది, స్కానర్ కూడా కలుస్తోంది. కానీ బ్యాటరీ మైనస్ నుంచి ఈసీఎం ఎర్త్ పిన్ను వరకు 3.1 వోల్టులు. వైరింగ్ పట్టుకుని కదిపితే 1 నుంచి 4 మధ్య ఆడుతోంది. ప్లస్ వైపు 0.1.

ఆటో ఎలక్ట్రీషియన్:
దొరికింది. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్లాక్ ఎర్త్ బాగుంది కాబట్టి బ్యాటరీ నుంచి గేర్‌బాక్స్‌కి వచ్చే లావు కేబుల్ మంచిదే. చెడింది ఈసీఎం సొంత ఎర్త్. కప్లర్ నుంచి ఆ నల్ల వైర్ల వెంబడి వెళ్ళండి. కొన్ని బళ్ళలో బాడీకి, కొన్నిట్లో బ్లాకుకో గేర్‌బాక్స్‌కో రింగు లగ్గుతో (వైరు కొసన బోల్టు దూర్చే గుండ్రటి టెర్మినల్) బిగించి ఉంటాయి. ఇంజిన్ దించేటప్పుడు విప్పే బోల్టుల్లో అదొకటి.

లగ్గు విప్పకముందే ఇంకో పరీక్ష. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి లగ్గుకి క్లిప్పుతో పట్టించి, రెండో కొస బ్యాటరీ మైనస్‌కి ఇవ్వండి. రిలే తిరిగి పెట్టి, ఇంజిన్ వేడిగా ఉండగా కీ ఆన్ చేయండి. టకటక పోతే తప్పు ఆ బోల్టు దగ్గరే. పోకపోతే లగ్గుకీ ఈసీఎంకీ మధ్య వైరు నలిగింది. బెల్‌హౌసింగ్ (గేర్‌బాక్స్ ఇంజిన్‌కి ఆనే గంట లాంటి ముందు భాగం) బిగించేటప్పుడు బ్లాకుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య వైరింగ్ ఇరుక్కోవడం ఇంజిన్ మార్చిన బళ్ళలో మామూలు. అక్కడ టార్చి వేసి చూడండి.

డీజిల్ మెకానిక్ (గుంటూరు ఆటోనగర్):
ఆ బోల్టు కింద పెయింటు ఉందేమో చూడండి. సెకండ్‌హ్యాండ్ ఇంజిన్లకి అమ్మే ముందు సిల్వర్ స్ప్రే కొట్టడం పరిపాటి. బ్లాకు, బ్రాకెట్లు, బోల్టు గుంటల చుట్టూ ఉన్న ముఖాలు, అన్నిటి మీదా పడుతుంది. లగ్గు ఆ పెయింటు మీదే కూర్చుంటుంది. కరెంటు బోల్టు మర చుట్ల గుండా ఎంత పోతే అంతే.

అడిగినవారు:
అన్నా, మీరు చెప్పినట్టే. రెండు నల్ల వైర్లు ఒకే లగ్గులో గేర్‌బాక్స్ పక్క బ్రాకెట్‌కి ఉన్నాయి. వేరే వైరుతో బ్యాటరీ మైనస్‌కి కలిపితే టకటక ఆగింది. బోల్టు విప్పితే లగ్గు కింద సిల్వర్ పెయింటు, మధ్యలో నల్లగా కమిలిన రింగు, లగ్గు వెనక కూడా అదే మచ్చ. ఎలా బాగుచేయాలి? లగ్గు అలాగే వాడొచ్చా?

ఆటో ఎలక్ట్రీషియన్:
కమిలిన లగ్గు వాడొద్దు. వెనక్కి ఒక అంగుళం కోసి, లోపల రాగి మెరుస్తోందో లేదో చూడండి. నల్లబడి ఉంటే మెరిసేదాకా కోయండి. వైరు పొడవు చాలకపోతే అదే లావు వైరు కలిపి, మంచి ప్లయరుతో క్రింపు చేసి, గమ్మున్న హీట్‌ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడగండి. ఇంజిన్ మీద అదిరే చోట టంకం వద్దు, టంకం ఆగిన చోట వైరు గట్టిపడి అక్కడే విరుగుతుంది.

బ్రాకెట్ మీద లగ్గు కూర్చునేంత మేర పెయింటు ఎమరీ పేపర్‌తో తెల్ల ఇనుము కనపడేదాకా తీయండి. బ్రాకెట్ వెనక ముఖం, అది గేర్‌బాక్స్‌కి ఆనే చోటు కూడా తీయాలి. ఇది చాలామంది వదిలేస్తారు, బ్రాకెట్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య కూడా అదే పెయింటు ఉంటుంది. లగ్గు నేరుగా ఇనుముకి ఆనాలి, పళ్ళ వాషరు లగ్గు పైన. బిగించాక పైనుంచి వ్యాజలీన్ పూయండి. బిగించక ముందు కాదు. ఈసీఎం ఎర్త్ లగ్గు కిందే వేరే ఫ్యాను, హారన్ ఎర్త్ ఏవీ కలపొద్దు.

పనంతా బ్యాటరీ మైనస్ తీశాకే. కీ తీసిన వెంటనే కాకుండా ఒక నిమిషం ఆగి తీయండి, ఈసీఎం తన లెక్కలు రాసుకుని రిలే వదలాలి.

ఇక రిలే. ఇన్నాళ్ళు కొట్టుకుంది కాబట్టి కాంటాక్టు కాలి ఉంటుంది. ఓముల్లో చూస్తే బాగానే చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. బయట పెట్టి కాయిల్‌కి 12 వోల్టులిచ్చి, కాంటాక్టు గుండా 55 వాట్ల హెడ్‌లైటు బల్బు వెలిగించండి. సుమారు నాలుగున్నర ఆంపియర్లు పోతాయి. అప్పుడు 30, 87 కాళ్ళ మధ్య వోల్టేజి చూడండి. 0.1 లోపుంటే మంచిది. 0.3 దాటితే పారేయండి.

అడిగినవారు:
0.6 చూపించింది. కాయిల్ మాత్రం 84 ఓములు. కొత్తది తీసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి? షాపులో "నాలుగు కాళ్ళ రిలే అన్నీ ఒకటే" అన్నారు.

స్కానర్ పని చూసేవారు:
అన్నీ ఒకటి కాదు, కాళ్ళు సరిపోవడం ఒక్కటే చాలదు. పాత రిలే చేత్తో పట్టుకెళ్ళి దాని మీది బొమ్మ, కొత్తదాని మీది బొమ్మ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే సైజు రిలేల్లో 30, 86 (కాయిల్ ఒక కొస) కాళ్ళ స్థానాలు తారుమారుగా ఉండే రకం ఉంది. అది ఇందులో పెడితే బ్యాటరీ కాంటాక్టుకి పోవాల్సింది కాయిల్‌కి పోతుంది.

కాయిల్‌కి అడ్డంగా డయోడు గానీ రెసిస్టరు గానీ గీసి ఉందేమో కూడా చూడాలి. కాయిల్ వదిలేటప్పుడు పుట్టే వెనక్కొట్టు వోల్టేజిని అది మింగేస్తుంది. కంపెనీది అది ఉన్న రకమైతే లేనిది వేయొద్దు, ఆ దెబ్బ ఈసీఎం ట్రాన్సిస్టర్ మీద పడుతుంది. డయోడు ఉన్న రిలేలో కాయిల్ ప్లస్, మైనస్ తిరగబడితే డయోడు నేరుగా షార్టవుతుంది. కాయిల్ ఓములు పాతదానికి దగ్గరగా, కాంటాక్టు ఆంపియర్లు పాతదానికి తగ్గకుండా ఉండాలి.

సాకెట్ కూడా చూసేయండి. రిలే కాలంత వెడల్పున్న విడి మగ టెర్మినల్, పెద్ద రిలేకైతే 6.3 మిల్లీమీటర్లది, ఒక్కో గుంటలో దూర్చి లాగండి. నాలుగు గుంటల్లోనూ ఒకే పట్టు ఉండాలి. వదులుగా జారితే ఆ ఆడ టెర్మినల్ మార్చాలి, రిలే కాలు వంచి సరిపెట్టొద్దు.

డీజిల్ మెకానిక్:
అన్నట్టు, ఇంజిన్‌తోపాటు ఇంజెక్టర్లు కూడా వచ్చి ఉంటాయి. వాటి మీద కోడు అచ్చేసి ఉంటే, అది స్కానర్‌తో ఈసీఎంలో రాయించండి. లేకపోతే రిలే బాగైనా ఐడిల్‌లో కొట్టుడు, పొగ ఉంటాయి. ఇంజిన్ నంబరు మారింది కాబట్టి ఆర్సీలో ఎక్కించడం మర్చిపోవద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం 14 రోజుల్లో ఆర్టీఓ ఆఫీసుకి తెలపాలి. ఇంజిన్ కొన్న బిల్లు దాచుకోండి. ఇన్సూరెన్సు వాళ్ళకీ చెప్పండి.

అడిగినవారు:
లగ్గు మార్చాం, బ్రాకెట్ రెండు వైపులా గీకాం, రిలే బొమ్మ సరిపోల్చి డయోడు ఉన్నదే తెచ్చాం. ఈసీఎం ఎర్త్ ఇప్పుడు 0.03 వోల్టు. కోడ్లు చెరిపి గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళి వచ్చాం. మధ్యలో కావాలనే ఆపి వేడిగా ఉండగా స్టార్ట్ చేశాం, ఇబ్బంది లేదు, కోడ్లు తిరిగి రాలేదు. ఒక్క సందేహం. కీ తీశాక కొన్ని సెకన్లకి రిలే దగ్గర ఒక్కసారి టక్ మంటోంది. ఇది మామూలేనా?

ఆటో ఎలక్ట్రీషియన్:
మామూలే. కీ తీశాక ఈసీఎం లెక్కలు మెమరీలో రాసుకుని, అప్పుడు రిలే వదులుతుంది, ఆ చప్పుడే అది. అసలు ఆ చప్పుడు రాకపోతే కంగారు పడాలి, కాంటాక్టు అతుక్కుపోయిందన్నమాట. మనశ్శాంతికి ఒకసారి బ్యాటరీ మైనస్‌కి వరసలో మీటరు పెట్టి, 10 ఆంపియర్ల గుంటలో, తలుపులు లాక్ చేసి అరగంట ఆగి చూడండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే అంతా నిద్రపోయినట్టే. మీటరు అలా ఉండగా కీ తిప్పి సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు ఫ్యూజు పోతుంది.